ముందు లేత్ కాదండీ, వైస్ కొనండి

ప్రశ్న: "నాకు 60 ఏళ్లు. కాకినాడలో ఉంటాం. కుర్రతనంలో మెకానికల్ డిప్లొమా చేశాను కానీ బ్యాంకు ఉద్యోగం రావడంతో 36 ఏళ్లు లెడ్జర్లు, లోన్లతోనే గడిచిపోయాయి. ఈ మధ్యే రిటైరయ్యాను. పెరట్లో 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున రేకుల షెడ్డు ఉంది. అందులో చిన్న వర్క్‌షాప్ పెట్టుకుని, పాలిటెక్నిక్ రోజుల నుంచి మనసులో ఉన్న చిన్న ఆవిరి ఇంజను ఒకటి నా చేత్తో చేయాలని కోరిక. రెండు లక్షల దాకా పెట్టగలను. పాత నాలుగున్నర అడుగుల లేత్ ఒకటి 85 వేలకు ఇస్తామంటున్నారు, అడ్వాన్స్ అడుగుతున్నారు. మా ఆవిడకు మిషన్లంటే భయం, డబ్బు తగలేస్తానని టెన్షన్ కూడా. అబ్బాయి ఫోన్ చేసి 'ఈ వయసులో ఇవన్నీ ఎందుకు నాన్నా' అంటున్నాడు. సెలవులకు మనవరాలు వస్తే తనకూ నేర్పాలని ఉంది. లేత్ కొనమంటారా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

సమాధానం:

ముందు ఒక్క మాటండీ. ఆ అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే కంగారు పడకండి, ఆ మిషన్ను ఎలా చూసుకోవాలో కింద రాస్తాను. లేత్, అంటే కడ్డీని తిప్పుతూ టూలుతో కోసే మిషన్, వద్దని నేను అనడం లేదు. మీ షెడ్డులోకి లేత్ రావాలి, వస్తుంది కూడా. కానీ మొదట రావలసింది అది కాదు.

నేను ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో మెయింటెనెన్స్ ఇంజినీరుగా 1974 నుంచి 2009 దాకా పనిచేశాను. రిటైరయ్యాక విజయవాడలో మా ఇంటి కింద, స్కూటర్లు పెట్టుకునే చోట ఒక మూలన వర్క్‌షాప్ కట్టుకున్నాను. అప్పటి నుంచి మీలాంటి కోరికతో నా దగ్గరకు వచ్చినవాళ్లను నలుగురైదుగురిని చూశాను. ఉద్యోగం డబ్బు చేతికి రాగానే లేత్ కొన్నవాళ్లలో ఇద్దరు ఏడాది తిరక్కుండానే అమ్మేశారు. వాళ్లకు ఆసక్తి లేక కాదు. లేత్ ఒక్కటే ఉంటే ఏమీ చేయలేమండీ. టూలు సాన పట్టాలంటే గ్రైండరు కావాలి, తిప్పిన ముక్కను కొలవాలంటే మైక్రోమీటరు కావాలి, ఆ ముక్కకు బెజ్జం వేయాలి, మర కోయాలి, అంచు తీయాలి, ఇంకో ముక్కతో కలపాలి. ఇవన్నీ బెంచీ మీద, వైస్‌లో, అంటే ముక్కను కదలకుండా బిగించి పట్టే సాధనంలో పెట్టి చేసే పనులు. బెంచీ పని చేతికి రానివాళ్లకు లేత్ మీద తయారైన ముక్క ముక్కగానే ఉండిపోతుంది, వస్తువు అవదు. అక్కడే విసుగొచ్చేస్తుంది.

అందుకని మొదటి మూడు నెలలు 25 వేలు దాటకుండా ఖర్చు పెట్టండి. ఆ మాట మీ ఆవిడ గారితో కూడా చెప్పండి, ఆవిడ టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది. కొనవలసినవి నాలుగంగుళాల బెంచ్ వైస్, మూడు నాలుగు ఆకురాళ్లు, హ్యాక్సా ఫ్రేము, మంచి బ్లేడ్లు, మట్టం (మూల తొంభై డిగ్రీలు ఉందో లేదో చూసేది), స్టీలు స్కేలు, సెంటర్ పంచ్, కొలతలకు ఒక వెర్నియర్, తర్వాత ఒక చిన్న బెంచ్ డ్రిల్లు. బెంచీ కొత్తది కొనకండి. పాత ఇళ్లు పడగొట్టిన చోట టేకు దూలాలు, తలుపు చెక్కలు అమ్ముతారు, వాటితో కట్టించుకుని గోడకు బోల్టులు వేసి బిగించండి. బెంచీ ఊగితే ఎంత మంచి వైస్ పెట్టినా ఉపయోగం లేదు. వైస్ ఎత్తు చాలామంది తప్పు పెడతారు. నిలబడి పిడికిలి గడ్డం కింద పెట్టుకుంటే మీ మోచేయి వైస్ పైభాగానికి తగలాలి. అంతకంటే కిందకు పెడితే పది నిమిషాలకే నడుము పట్టేస్తుంది, మన వయసులో అది చిన్న విషయం కాదు.

వైస్ బిగించాక ఒక పని చేయమంటాను. ఇది నాకు 1974లో ట్రైనీగా చేరిన మొదటి వారంలో ఇచ్చిన పని. ఇంజినీరింగ్ డిగ్రీ పట్టుకుని వెళ్లాను, తిన్నగా టర్బైను దగ్గరకు తీసుకెళతారనుకున్నాను. ట్రైనింగ్ షాపులో పెద్ద ఫిట్టరు ఒకాయన రంపంతో కోసిన మైల్డ్ స్టీలు ముక్క, ఒక ఆకురాయి, ఒక మట్టం నా చేతిలో పెట్టి, "ఆరు వైపులా 50 మిల్లీమీటర్లు రావాలి, మూలలన్నీ మట్టానికి రావాలి" అని చెప్పి వెళ్లిపోయారు. మొదటి రోజే అరచేతుల్లో బొబ్బలు. మర్నాడు సాయంత్రానికి ఒక ముఖం చదునుగా వచ్చిందనిపించి తీసుకెళ్లి చూపించాను. ఆయన ఏమీ అనలేదు, ముక్క మీద మట్టం అంచు నిలబెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. రెండు చివర్లా సన్నగా వెలుగు కనబడుతోంది, మధ్యలో చీకటి. అంటే మధ్యలో ఉబ్బి ఉందన్నమాట. నేను రెండు రోజులు చెమటోడ్చి చేసింది ఒక బోర్లించిన పళ్లెం.

ఎందుకలా అవుతుందో ఆయనే పక్కన నిలబడి నేర్పారు. ఆకురాయి ముందుకు వెళ్లడం మొదలైనప్పుడు ముక్క ఆకురాయి కొసకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి ముందున్న ఎడమ చేతి బరువు ఎక్కువ ఉండాలి. మధ్యకు వచ్చేసరికి రెండు చేతులూ సమానం. చివరకు వచ్చేసరికి పిడి పట్టుకున్న కుడి చేతి బరువు ఎక్కువవ్వాలి. ఈ బరువు మార్పిడి తెలియకపోతే ఆకురాయి ఉయ్యాలలా ఊగి అంచులు తినేస్తుంది. వెనక్కి లాగేటప్పుడు నొక్కకూడదు, ఆకురాయి పళ్లు ముందుకే కోస్తాయి, వెనక్కి నొక్కి లాగితే పళ్లు చస్తాయి. పళ్ల సందుల్లో రజను ఇరుక్కుంటే నున్నటి ముఖం మీద గీతలు పడతాయి, అందుకని ముందే ఆకురాయికి సుద్దముక్క రుద్దుకోండి. ఇంతే, ఇందులో ఇంకో రహస్యం ఏమీ లేదు. కానీ కాగితం మీద చదివితే వచ్చేది కాదు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో మట్టం కింద వెలుగు కనబడని ముఖం ఒకటి వచ్చింది నాకు. ఆ రోజు హాస్టలుకు నడుచుకుంటూ వెళ్లింది ఇప్పటికీ గుర్తుంది.

మీకు 50 అక్కర్లేదు, 25 మి.మీ. ఘనం చాలు. ఆరు వైపులా కొలతల తేడా 0.1 మి.మీ. లోపు రావాలి, మట్టానికి రావాలి. దీనికి మీకు రెండు వారాలు పట్టచ్చు, నెల పట్టచ్చు. అది పూర్తయ్యేసరికి మీ చేతికి ఒకటి తెలుస్తుంది, ఇనుము ఎంత నొక్కితే ఎంత తెగుతుందో, పళ్లు కోస్తున్నప్పటి చప్పుడు ఎలా ఉంటుందో, జారుతున్నప్పటిది ఎలా ఉంటుందో. రేపు లేత్ మీద టూలు కోస్తోందా రుద్దుతోందా అన్నది కూడా ఆ చప్పుడుతోనే పట్టుకుంటారు.

రంపం గురించి రెండు ముక్కలు. బ్లేడు పళ్లు ముందుకు చూసేలా బిగించాలి. మామూలు పనికి అంగుళానికి 24 పళ్ల బ్లేడు, పల్చటి గొట్టాలకు 32 పళ్లది. ఎప్పుడు చూసినా కనీసం మూడు పళ్లు లోహం మీద ఆని ఉండాలి, లేకపోతే పళ్లు ఊడతాయి. డ్రిల్లుకైతే చిన్న బెజ్జానికి స్పీడు ఎక్కువ, పెద్ద బెజ్జానికి తక్కువ. మీకు డిప్లొమాలో చదివిన సూత్రం గుర్తుండే ఉంటుంది, కోత వేగాన్ని వెయ్యితో హెచ్చించి, పై (3.14) ఇంటూ వ్యాసంతో భాగించడం. మామూలు హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీలు) బిట్‌తో మైల్డ్ స్టీలుకు నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే 10 మి.మీ. బిట్‌కు 800 చుట్లు వస్తాయి. అదే లేత్ మీద 25 మి.మీ. కడ్డీ తిప్పితే 320 దగ్గర. ఇత్తడికి ఇంకా పెంచుకోవచ్చు. మర కోసేటప్పుడు బెజ్జం ఎంత వేయాలంటే సైజులోంచి పిచ్, అంటే మర చుట్ల మధ్య దూరం, తీసేయండి, ఎం6కు పిచ్ 1 కాబట్టి 5 మి.మీ., ఎం10కు పిచ్ 1.5 కాబట్టి 8.5. మర కోసే ట్యాపును అర చుట్టు తిప్పాక పావు చుట్టు వెనక్కి తిప్పండి, ముక్కలు తెగి పడతాయి. ట్యాపు బెజ్జంలో విరిగితే తీయడం ఎంత నరకమో విరిగినప్పుడే తెలుస్తుంది, అందుకని తొందర వద్దు.

తొందర అంటే గుర్తొచ్చింది. నా ఉద్యోగ జీవితంలో నేను మర్చిపోలేని రాత్రి ఒకటి ఉంది, అది మీకు చెప్పాలి. కొలత అంటే ఏమిటో నాకు ఆ రాత్రే అర్థమైంది.

నాకు అప్పుడు 27 ఏళ్లు. బూడిద నీళ్లను బయటకు తోసే పంపు ఒకటి ఆగిపోయింది, బేరింగు కూర్చునే చోట షాఫ్టు అరిగిపోయింది. థర్మల్ కేంద్రంలో బూడిద బయటకు పోకపోతే యూనిట్ నడవదు. నైట్ షిఫ్టులో ఉన్నది నేనే, పై నుంచి గంటకోసారి ఫోన్. కొత్త షాఫ్టు మా వర్క్‌షాప్‌లోనే తిప్పుతున్నాం. బేరింగు కూర్చునే చోట 80 మి.మీ. మీద మిల్లీమీటరులో నూరో వంతులు రెండు ఎక్కువ, అంటే 80.02 రావాలి, అప్పుడే బేరింగు బిగువుగా పడుతుంది. లేత్ మీద ఉన్నాయన యాభై దాటిన టర్నరు. చివరి కోత పూర్తయి మిషన్ ఆపగానే నేను మైక్రోమీటరు పట్టుకుని వంగాను. ఆయన నా చేతి మీద చెయ్యి వేసి, "సారూ, వేడి మీదుంది. టీ తాగొద్దాం. వచ్చాక కొలుద్దాం" అన్నారు. నేను వినలేదు. కొలిచాను. 80.05 ఉంది. ఇంకా మూడు తీయమన్నాను. ఆయన ఇంకోసారి చెప్పి చూశారు. నేను తీయించాను. మళ్లీ కొలిస్తే సరిగ్గా 80.02. వెంటనే విప్పించి పంపు దగ్గరకు పంపేశాను.

గంటన్నర తర్వాత పంపు దగ్గర ఫిట్టరు నన్ను పిలిచాడు. మామూలుగా ఆ బేరింగును నూనెలో వంద డిగ్రీల దాకా కాచి, అది వ్యాకోచించాక షాఫ్టు మీదకు ఎక్కించాలి. ఆ రోజు కాచకుండానే, చేత్తో తోస్తే జారి వెళ్లి కూర్చుంది. చేత్తో తిప్పితే షాఫ్టు మీద తిరుగుతోంది కూడా. చల్లారిన షాఫ్టు కొలిస్తే 79.99.

లెక్క చూడండి. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) పెరుగుతుంది. 80 మి.మీ. షాఫ్టు గది వేడి కంటే 30 డిగ్రీలు ఎక్కువ ఉంటే వ్యాసం దాదాపు 28 మైక్రాన్లు పెరుగుతుంది, అంటే మిల్లీమీటరులో నూరో వంతులు సుమారు మూడు. నేను తీయించింది సరిగ్గా ఆ మూడే. ఈ లెక్క కాలేజీలో చదివి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆ టర్నరు చదివింది ఎనిమిదో తరగతి. ఆయన చెయ్యి వేస్తే చాలు, ముక్క కొలతకు వచ్చిందో లేదో తెలిసేది.

ఇంకో కడ్డీ తెచ్చి మొదటి నుంచి తిప్పాం. తెల్లవారాక ఏడున్నరకు పంపు నడిచింది. ఆ టర్నరు పై వాళ్లతో ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. నేనే పొద్దున రిపోర్టులో నా తప్పని రాశాను, ఆయన దగ్గరకు వెళ్లి చెప్పాను. "టీ చల్లారిపోతుంది సారూ" అని గ్లాసు చేతిలో పెట్టారంతే. ఆ పాడైన షాఫ్టు నుంచి చెయ్యెడు ముక్క కోయించి అనుమతి తీసుకుని తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా బెంచీ మీద ఉంది, దాని మీద పెట్టే రివెట్లు కొడతాను.

మీకు ఇందులో పనికొచ్చేది చెబుతాను. మీ రేకుల షెడ్డు మే నెలలో మధ్యాహ్నం కాలిపోతుంది. ముక్కా మైక్రోమీటరూ రెండూ ఒకే వేడి మీద ఉంటే, రెండూ ఉక్కు అయితే పెద్ద ఇబ్బంది లేదు, రెండూ కలిసే పెరుగుతాయి. ఇబ్బంది ఎక్కడంటే ఒకటి వేడిగా, ఇంకొకటి చల్లగా ఉన్నప్పుడు. మిషన్ మీంచి తీసిన ముక్కను అరగంట బెంచీ మీద వదిలేయండి. మైక్రోమీటరును జేబులో పెట్టుకోకండి, ఎక్కువసేపు అరచేతిలో పట్టుకోకండి. ఇత్తడి ఉక్కు కంటే ఇంకా ఎక్కువ పెరుగుతుంది, మీ ఇంజనులో సిలిండరు ఇత్తడితోనే చేయమంటాను.

ఇక ఆ లేత్. కొత్తగా రంగు వేసి ఉందా? వేసి ఉంటే ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. లేత్‌కు అసలు విలువ బెడ్‌లో, అంటే కింద ఉండే పొడవాటి ఇనుప పట్టాలో ఉంటుంది. ఎవరు పనిచేసినా ఎక్కువ పని ముక్కను పట్టి తిప్పే చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్ అక్కడే ఎక్కువ అరుగుతుంది, అవతలి కొసన ఉండే టెయిల్‌స్టాక్ వైపు అంతగా అరగదు. టూలును మోస్తూ బెడ్ మీద జారే క్యారేజీని చక్ దగ్గరకు తెచ్చి, అక్కడ ఊగకుండా జారేలా బిగింపు సర్దమనండి. ఇప్పుడు దాన్ని చేత్తో తిప్పుతూ టెయిల్‌స్టాక్ వైపు నడిపించండి. మధ్యలోకి వచ్చేసరికి పట్టేసి కదలకపోతే చక్ దగ్గర బెడ్ బాగా అరిగిందని అర్థం. అది మనం ఇంట్లో బాగుచేసుకునే జబ్బు కాదు, గ్రైండింగుకు పంపాలి, అంత డబ్బు ఆ మిషన్ మీద పెట్టడం దండగ. చక్‌ను తిప్పే ఇరుసు, అంటే స్పిండిలు, దాని బేరింగులు చూడాలంటే చక్‌లో ఒక గట్టి కడ్డీ బిగించి పైకీ కిందకూ ఎత్తుతూ స్పిండిలు ముక్కు మీద డయల్ గేజి (చిన్న కదలికను ముల్లుతో చూపేది) పెట్టండి. ఒకటి రెండు గీతలు కదిలితే సర్దుకోవచ్చు. పదీ పదిహేను గీతలు ఊగితే ఆలోచించాలి. ఆ తర్వాత మీ ఎదురుగానే కోసి చూపించమనండి. పాతిక మి.మీ. కడ్డీ ఆరంగుళాలు బయటకు ఉంచి, టెయిల్‌స్టాక్ ఆనించకుండా, మొదట్లో ఒక పట్టీ, చివర ఒక పట్టీ సన్నటి కోతతో ఒకే సెట్టింగు మీద తిప్పించి రెండూ కొలవండి. తేడా 0.02 లోపుంటే మనలాంటివాళ్ల పనికి చాలా మంచి మిషన్. ఎక్కువున్నా వెంటనే వద్దనకండి, నేల మీద మట్టంగా కూర్చోక బెడ్ మెలిక తిరిగి ఉండొచ్చు, రసమట్టం పెట్టి కాళ్ల కింద సర్దాక మళ్లీ చూడాలి.

పళ్ల చక్రాల సెట్టు పూర్తిగా ఉందో లేదో లెక్కపెట్టుకోండి, అవి లేకపోతే మరలు కోయలేరు, విడిగా వెతికితే దొరకవు. మోటారు త్రీఫేజ్ అయితే మీ ఇంటి సింగిల్ ఫేజ్‌కు నడవదు. మోటారు మార్చుకోవాలి, లేదా సింగిల్ ఫేజ్ కరెంటుతో త్రీఫేజ్ మోటారును నడిపే వీఎఫ్‌డీ పెట్టించాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. ఇంకో మాట, 85 వేలకు మిషన్ వచ్చినా టూలు, నాలుగు దవడల చక్, డ్రిల్ చక్, సెంటర్లు, గ్రైండరు, మోసుకొచ్చి దించే కూలీ, కింద సిమెంటు దిమ్మె, అన్నీ కలిపి ఇంకో 50, 60 వేలు అవుతాయని పక్కన పెట్టుకోండి. మీ రెండు లక్షల్లో ఇది సరిపోతుంది, కానీ ముందే మొత్తం మిషన్‌కే పెట్టేస్తే ఇరుక్కుంటారు.

మీది కాకినాడ కాబట్టి తుప్పు గురించి గట్టిగా చెప్పాలి. ఉప్పు గాలి. పైగా రేకు తెల్లవారుజామున చెమ్మగిల్లి చుక్కలు కారుస్తుంది, ఆ చుక్క బెడ్ మీద పడితే రెండు రోజుల్లో ఎర్ర మచ్చ. రేకు కింద థర్మోకోల్ గానీ వెదురు తడక గానీ కట్టించండి. మిషన్ మీద ప్లాస్టిక్ పట్టా అసలు కప్పకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. పాత నూలు దుప్పటి కప్పండి. పని అయ్యాక బెడ్ అంతా తుడిచి నూనె రాయడం అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నంత అలవాటవ్వాలి. చేతి చెమటకు కూడా తుప్పు పడుతుంది, కొందరి వేలిముద్రలు మర్నాటికి ఎర్రగా కనబడతాయి.

మీ ఆవిడ గారి భయం గురించి. ఆవిడ భయపడడం తప్పు కాదండీ, సరైనదే. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా మీరు షెడ్డు గోడ మీద రాసిపెట్టుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది గ్లోవ్స్. చేతికి రక్షణ అనుకుని డ్రిల్లు దగ్గరా లేత్ దగ్గరా గ్లోవ్స్ వేసుకుంటారు. మా వర్క్‌షాప్‌లో ఒక కుర్రాడు నూలు గ్లోవ్స్ వేసుకుని డ్రిల్లు కింద ఇనుప పలక పట్టుకున్నాడు, బిట్‌కు ఒక్క దారం చిక్కింది. ఆ దారం చేతిని లాక్కునేసరికి నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను, స్విచ్ దాకా వెళ్లేలోపు అయిపోయింది. రెండు వేళ్లు పోయాయి. తిరిగే మిషన్ దగ్గర గ్లోవ్స్ వద్దు, భుజం మీద తువ్వాలు వద్దు, లుంగీ వద్దు, వాచీ ఉంగరం తీసేయండి. ఇంట్లోనే కదా అని లుంగీతో షెడ్డులోకి వెళ్లే అలవాటు మొదటి రోజు నుంచే మానుకోండి. కళ్లద్దాలు మాత్రం ఉండాలి, చదువుకునే కళ్లద్దాలు చాలవు, పక్కలు కూడా మూసే గాగుల్స్ కావాలి.

రెండోది చక్ కీ. చక్‌లో కీ ఉన్నంతసేపూ దాని మీద నుంచి చెయ్యి తీయకూడదు. బిగించారా, తీసి పక్కన పెట్టారా, అప్పుడే చెయ్యి వదలాలి. మర్చిపోయి స్విచ్ వేస్తే ఆ కీ ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. మూడోది మన ఊళ్లకు ప్రత్యేకం, కరెంటు కోత. పని మధ్యలో కరెంటు పోతుంది, మీరు స్విచ్ ఆపకుండా లోపలికి వెళ్లి కాఫీ తాగుతారు, లేదా చక్ మీద చెయ్యి పెట్టి ముక్క చూస్తుంటారు, కరెంటు వస్తుంది, మిషన్ దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. మామూలు స్విచ్ పెట్టకండి. పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉండే స్టార్టరు పెట్టించండి, కరెంటు పోగానే అది పడిపోతుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితే తప్ప మిషన్ తిరగదు. దానితోపాటు కరెంటు లీకైతే వెంటనే తెంచేసే 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు. ఈ మూడింటి దగ్గర రూపాయి కూడా మిగిల్చుకోవద్దు.

మనవరాలు వస్తే జడ ముడి వేసి టోపీ లోపల పెట్టించాలి, చున్నీ ఉండకూడదు. మొదటి సెలవులకు తనను లేత్ దగ్గరకు తీసుకెళ్లకండి. వైస్ దగ్గర చిన్న పీట వేసి నిలబెట్టండి, ఇత్తడి రేకు మీద తన పేరులో మొదటి అక్షరం గీసుకుని రంపంతో కోసి ఆకురాయి పట్టి తాళాల గుత్తికి బిళ్ల చేసుకోమనండి. తెలుగు అక్షరం వంపులు తిప్పి కోయడం పెద్దవాళ్లకే కష్టం, తను చేసి చూపిస్తే మీ అబ్బాయికి ఆ బిళ్లే జవాబు చెబుతుంది.

ఆవిరి ఇంజను మాటకొస్తాను, మీరు రాసిన ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మొదటిది ఊగే సిలిండరు ఇంజను చేయండి. అందులో సిలిండరే, పిస్టను కదలికను చక్రం తిప్పే క్రాంకుతోపాటు ఇటూ అటూ ఊగుతుంది, ఊగినప్పుడల్లా దాని పక్కనున్న చిన్న రంధ్రం ఒకసారి గాలి వచ్చే దారికి, ఒకసారి బయటకు పోయే దారికి ఎదురుగా వస్తుంది. విడిగా వాల్వులు, వాటిని నడిపే కడ్డీలు ఏవీ ఉండవు. 12 మి.మీ. బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 20 మి.మీ. స్ట్రోకు (పిస్టను నడిచే దూరం) పెట్టుకుంటే క్రాంకు పిన్ను మధ్య నుంచి 10 మి.మీ. దూరంలో ఉంటుంది. సిలిండరు ఇత్తడి, పిస్టను ఉక్కు. బోరు 11.7 దాకా డ్రిల్లు వేసి చివర బెజ్జాన్ని సరైన సైజుకు తెచ్చే 12 మి.మీ. రీమరు నడిపించండి, గోడలు నున్నగా వస్తాయి. ఈ ఇంజను నడవాలంటే రెండు ముఖాలు చాలా చదునుగా ఉండాలి, సిలిండరు పక్క ముఖం, అది ఆని ఊగే పలక ముఖం. అవి కలిసే చోట గాలి కారితే ఇంజను తిరగదు. ఆ ముఖాలు చదును చేయడం మీరు వైస్ దగ్గర ఆ ఘనం మీద నేర్చుకున్న పనే, చివర్లో గాజు పలక మీద సన్నటి ఎమెరీ కాగితం పరిచి రుద్దితే చాలు.

దాన్ని ఆవిరితో నడపకండి, గాలితో నడపండి. చిన్న కంప్రెసరు లేకపోతే పాత కారు ట్యూబులో గాలి నింపి దాని వాల్వు నుంచి గొట్టం ఇచ్చినా తిరుగుతుంది. బాయిలరు మాత్రం ఇంట్లో చేయకండి. ఇది నేను బతిమాలుకుంటున్నట్టే అనుకోండి. నీరు ఆవిరైతే మామూలు పీడనం దగ్గర 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. మూసిన పాత్ర చీలితే లోపల వేడెక్కిన నీరంతా ఒక్కసారిగా ఆవిరైపోతుంది. మా కేంద్రంలో ఆవిరి 540 డిగ్రీల దగ్గర ఉండేది, ఆ వేడిలో అది కంటికి కనబడదు. మనం తెల్లగా చూసేది చల్లారి తుంపరైన నీటిని. ఎక్కడో ఈల వేసినట్టు చప్పుడు వస్తుంది, ఏమీ కనబడదు. అలాంటప్పుడు చీపురు కట్ట ముందుకు చాపి పట్టుకుని ఒక్కో అడుగు వేస్తూ వెతికేవాళ్లం, చీపురు పుల్లలు ఎక్కడ తెగి పడితే అక్కడ లీకు. ముప్పై అయిదేళ్లు ఆ ఈల విన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మీ ఇంజను గాలితో తిరిగినా అంతే అందంగా తిరుగుతుంది.

మీ అబ్బాయి అడిగినదానికి నేనేం చెప్పను? నాకు 60 నిండినప్పుడు మా అమ్మాయీ అదే అడిగింది. పొద్దున్నే కిందకు దిగి రెండు గంటలు ఒక ముక్క మీద పనిచేసి, మధ్యాహ్నం భోజనానికి పైకి వస్తే ఆకలి వేస్తుంది, రాత్రి నిద్ర పడుతుంది. కిందటి నెల పక్కింటి వాళ్ల పాత కుట్టు మిషన్‌కు అరిగిపోయిన పిన్ను ఒకటి తిప్పి ఇచ్చాను, అది ఇప్పుడు నడుస్తోంది. అంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

ఒకటి మాత్రం చేయండి. మీ ఊళ్లో గానీ రాజమండ్రిలో గానీ, కుదిరితే విశాఖ గాజువాక ఆటోనగర్‌లో గానీ మంచి టర్నరును వెతికి, వారం పది రోజులు ఆయన పక్కన నిలబడి చూడనివ్వమని అడగండి. ఆయన టైముకు డబ్బు ఇస్తానని ముందే చెప్పండి. "ఇది ఎందుకిలా" అని పని మధ్యలో అడగకండి, మిషన్ ఆపాక అడగండి. టూలు ఎలా సాన పడుతున్నారో దగ్గరగా చూడండి, అది పుస్తకాల కంటే ఆయన దగ్గరే బాగా వస్తుంది.

ఘనం పూర్తయ్యాక ఆరు వైపుల కొలతలూ, మట్టం కింద వెలుగు ఎక్కడ కనబడుతోందో రాసి పంపండి, తేడా ఎక్కువున్నా సరే ఉన్నదున్నట్టు రాయండి, ఎక్కడ చెయ్యి తప్పుతోందో దాన్ని బట్టి చెప్పగలను. ఆ లేత్ అప్పటికి అమ్ముడుపోకుండా ఉంటే, చూడ్డానికి వెళ్లే ముందు నాకు కబురు పెట్టండి. పొద్దున రైలుకు బయల్దేరి డయల్ గేజి పట్టుకుని నేనూ వస్తాను.